పెదవులు కదిపితే చాలు

ముఖం బిగుసుకుపోయింది. రోజా అక్క స్పాంజితో అద్దిన పూత ఆరిపోయి బుగ్గలు నావి కానట్టున్నాయి, నవ్వితే పగులుతాయేమో, కాని నవ్వే పనేమీ లేదు కాబట్టి ఫర్వాలేదు. మా ఇంట్లోనే, మా గడప లోపలే, మా ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాను, అయినా ఎవరింటికో పేరంటానికి వెళ్లి పిలిచేదాకా కూర్చున్నట్టుంది. ఎండ రావాలట. ఇప్పుడు ఎండ వాకిట్లో నీళ్ల డ్రమ్ము మీద ఉంది, అది జరిగి జరిగి గడప మీదికి వచ్చాక షాట్ తీస్తానని డైరెక్టర్ ప్రేమ్‌కుమార్ గారు చెప్పారు, లైట్లు పెడితే వచ్చే వెలుగు ఆయనకి నచ్చదట, సాయంకాలం ఎండే కావాలట. ఇదే ఆఖరి షాట్. ఇది అయిపోతే షూటింగ్ అయిపోతుంది, షూటింగ్ అయిపోతే నేస్తమ్మ వడ్డాది వెళ్లిపోతుంది. ఎండ డ్రమ్ము మీదే ఉంది. అక్కడే ఆగిపోతే బాగుండునని అనుకోవాలి కదా నేను, అనుకోవడం లేదు. చూస్తున్నానంతే. డ్రమ్ము అంచు మీద కాకి వాలింది, ఎవరో అదిలించారు, మళ్లీ వాలింది.

నేస్తమ్మ అంటే మా అమ్మ నేస్తం. మా వైపు ఇద్దరు ఆడపిల్లలకి బాగా కుదిరితే గౌరమ్మ పండగనాడు పెద్దవాళ్ల ముందు నేస్తం కడతారు. తాంబూలాలూ రవికల గుడ్డలూ మార్చుకుని ఒకే ఆకులో అన్నం తింటారు, అంతే, ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలవాలి. ఒకరింట్లో పెళ్లయితే రెండోవారు చీర పెట్టాలి, ఒకరింట్లో చావైతే రెండోవారు వచ్చి మైల పట్టాలి. అమ్మ పేరు సంధ్యారాణి అనీ నేస్తమ్మ పేరు సన్యాసమ్మ అనీ నాకు బడికి వెళ్లాకే తెలిసింది, ఇంట్లో వాళ్ల నోట ఆ పేర్లు ఎప్పుడూ వినలేదు. నాన్న జ్వరంతో పోయినప్పుడు నేను పాకుతున్నానట. అప్పటికే నేస్తమ్మ అత్తారింట్లో ఉండలేక వడ్డాదిలో తమ్ముడి ఇంటికి వచ్చేసి ఉంది. నేస్తం కాబట్టి చీర పట్టుకుని మైలకి వచ్చింది. మైల తీరిపోయింది, ఆవిడ వెళ్లలేదు. ఎవరూ వెళ్లమనలేదు, ఉండమని కూడా అనలేదు. ఆ ఏడు చెరకు నరికించడం ఆవిడే చూసుకుంది, మరుసటి ఏడూ ఆవిడే, గోవాడ ఫ్యాక్టరీకి బళ్లు తోలించడం, నరకడానికి ఫ్యాక్టరీ ఇచ్చే కటింగు ఆర్డరు కోసం తిరగడం అన్నీ. అమ్మ ఇంట్లో మిషను కుట్టింది. నేను నడిచాను, బడికి వెళ్లాను, ఇప్పుడు టెన్త్. జ్వరమొస్తే ఒకరు తడిగుడ్డ వేసేవారు, ఒకరు అరికాళ్లు రాసేవారు, ఎవరిది ఏ చెయ్యో కళ్లు మూసుకునే చెప్పేసేదాన్ని, మిషను సూదులు గుచ్చుకున్న వేళ్లు అమ్మవి, చెరకాకు కోసుకుపోయిన అరచేతులు నేస్తమ్మవి. మీ ఇంట్లో వాళ్లిద్దరూ ఏమవుతారని ఎవరూ నన్ను అడగలేదు. నేస్తాలు, అనేవారు, అక్కడితో మాట అయిపోయేది.

ఎండ కొంచెం కదిలినట్టుంది. లేదు, డ్రమ్మునే ఎవరో జరిపారు, నీడ పడుతోందని.

ఈ సినిమావాళ్లని తీసుకొచ్చింది గౌరీశంకర్ మావయ్యే. అమ్మకి అన్న. చోడవరంలో ఫ్లెక్సీల షాపు ఆయనది. పెంకుటిల్లు కావాలి, చుట్టూ చెరకు తోటలుండాలి అని ఎవరో షాపుకొచ్చి అడిగితే మా చెల్లెలి ఇల్లుంది రండి అని బండెక్కించి తెచ్చేశాడు. కుటుంబ కథ, ఆడవాళ్ల సెంటిమెంటు అని చెప్పారట. మొదటి రోజు మా గుమ్మానికి పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు, స్వాగతం సుస్వాగతం అని, అందులో డైరెక్టర్ గారి ఫోటో చిన్నది, మావయ్య ఫోటో కళ్లజోడుతో పెద్దది. రెండో రోజు పసుపు చీర కట్టుకున్న యాక్టరు నీలం చీర యాక్టరు భుజం మీద తల పెట్టి, ఇది మన బిడ్డ, మనిద్దరి బిడ్డ, అని ఏడ్చింది. మావయ్య రోజా అక్కని పక్కకి పిలిచి వీళ్లిద్దరూ ఏమవుతారమ్మా కథలో, అక్కచెల్లెళ్లా, తోటికోడళ్లా అని అడిగాడు. రోజా అక్క డైరెక్టర్ గారికి అసిస్టెంటు, వైజాగ్ అమ్మాయి, దేన్నైనా గ్యాసు బండ నంబరు చెప్పినట్టు చెబుతుంది. భార్యా భర్తల్లాగే సార్, కాని ఇద్దరూ ఆడవాళ్లే, కలిసి పాపని పెంచుతారు, ఫోన్లో యాప్‌లో వస్తుంది, ఆరు భాగాలు, అంది. మావయ్య మంచినీళ్లు అడిగాడు. ఆ సాయంత్రమే ఫ్లెక్సీ విప్పించేశాడు. కాని మాట ఇచ్చేశాడు కదా, వాళ్లని పొమ్మనలేకపోయాడు, ఊళ్లో అందరికీ నేనే తెచ్చానని చెప్పుకున్నాడు కూడా.

ఇలాంటివి నేను ముందే చూశాను, ఫోన్లో. వెతికి కాదు, ఒకటి చూస్తే దాని కింద ఇంకోటి వస్తుంది. ఒక దాంట్లో ఇద్దరమ్మలు, ఇద్దరు పిల్లలు, మా ఇల్లంత వంటగది, పొద్దున్నే అందరూ నిలబడే తినేసి వెళ్లిపోతారు. పిల్ల పిలిచినప్పుడు తెలుగులో ఒకామెకి అమ్మ అని, రెండో ఆమెకి పిన్ని అని వినబడేది. కాని ఆ పిల్ల పెదవులు రెండుసార్లూ ఒకేలా కలిసేవి. సౌండు తీసేసి మళ్లీ చూశాను, ఒకేలా. ఒకే మాట, తెలుగు చేసేవాళ్లు రెండు చేశారు. ఎవరో గదిలో కూర్చుని, ఇది బాగోదు, పిన్ని అని పెట్టేద్దాం అని అనుకుని ఉంటారు, మా వీధిలో అచ్చియ్యమ్మ మామ్మలాంటి వాళ్లెవరో. ఇంకో దాంట్లో ఇద్దరు నాన్నలు, పసిపాపకి గుడ్డ కట్టడం రాక పడిపోతుంటారు, కనబడని జనం నవ్వుతుంటారు. ఇంకో దాంట్లో కోర్టు, ఎత్తు కుర్చీ, అందులో కాళ్లు నేలకి అందని పిల్ల, నువ్వు ఎవరి దగ్గరుంటావు అని అడుగుతారు, ఆ పిల్ల చక్కగా చెబుతుంది, పెద్ద పెద్ద మాటలు, జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. నన్నడిగితే నేను చెప్పలేను. క్లాసులో ప్రెజెంట్ మేడమ్ అనడానికే నాకు గొంతు రాదు, పక్కమ్మాయి చెబుతుంది నా బదులు. ఇంకో దాంట్లో ఆస్పత్రి, లోపల ఒకామెకి ఆపరేషను, రెండో ఆమెని తలుపు దగ్గర ఆపేస్తారు, ఇంటివాళ్లకే లోపలికి, నువ్వేమవుతావు అని. అక్కడ ఆపేశాను. మా అమ్మకి అనకాపల్లిలో కడుపు ఆపరేషను చేసినప్పుడు నేస్తమ్మని ఎవరూ ఏమీ అడగలేదు, నర్సు బయటికొచ్చి ఎవరో ఒకరు రండమ్మా, లేపి కూర్చోబెట్టాలి అంటే నేస్తమ్మ వెళ్లింది. మాదే నయం అనుకున్నాను అప్పుడు. వాళ్లకి పేరుంది, తలుపు దగ్గర ఆపేస్తున్నారు, మాకు పేరు లేదు, ఎవరూ ఆపడం లేదు. ఆ రోజు డైరీలో కూడా రాయలేదు ఇది, డైరీలో నేను ఎండగా ఉందా వానగా ఉందా రాస్తాను, ఏ కూర వండారో రాస్తాను.

వాటన్నిటిలో గోడలు తెల్లగా ఉండేవి. మా ఇల్లులాంటి ఇల్లు ఒక్కటీ కనబడలేదు. ఇప్పుడు మా ఇల్లే, అదిగో గొడుగు కింద పెట్టిన చిన్న టీవీలో, పెంకులూ, అరుగూ, అమ్మ కుట్టిన కిటికీ తెరా, అన్నీ ఉన్నాయి, అయినా గుర్తు పట్టలేకపోతున్నాను. ఈ ఇంట్లో పసుపు చీర ఆమె పొద్దస్తమానం ఏడుస్తుంది. నీలం చీర ఆమె కిటికీలోంచి దూరంగా చూస్తుంది. మా కిటికీలోంచి చూస్తే దూరమేమీ కనబడదు, పక్కింటి బాత్రూము గోడ కనబడుతుంది, అందుకని దాని మీద చెరకు గడలు కట్టించారు. మా ఇంట్లో ఎవరూ ఏడవరు. చింతపండు పాతదా కొత్తదా అని వాదించుకుంటారు. ఫ్యాను ఎవరి వైపు తిప్పాలని వాదించుకుంటారు. నేస్తమ్మ పొలం నుంచి వస్తే అమ్మ కాళ్లు కడుక్కో అని అరుస్తుంది, రోజూ, నేస్తమ్మ రోజూ మరిచిపోయినట్టే లోపలికి వచ్చేస్తుంది. అవేవీ తీయలేదు వీళ్లు.

మంచాలు మాత్రం తీశారు. మా ఇంట్లో పగలు ఒక మంచం కిటికీ పక్కన ఉంటుంది, ఒకటి ఎదర గోడకి ఉంటుంది. సెట్ చేసే ఆయన కథలో కావాలని రెండూ కలిపి గది మధ్యలో వేశాడు. వేసి, భలే కుదిరాయే, ఇక్కడ గచ్చులో గుంటలున్నాయి, కాళ్లు సరిగ్గా కూర్చున్నాయి, అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ టీ గ్లాసులు ఏరుతున్నదల్లా ఒక్కసారి ఆగి, మళ్లీ ఏరింది. కిటికీ దగ్గర నుంచి మధ్య దాకా, గోడ దగ్గర నుంచి మధ్య దాకా గచ్చు మీద గీతలున్నాయి, ఈడ్చి ఈడ్చి పడ్డవి. నేను పుట్టినప్పటి నుంచి వాటి మీదే తిరుగుతున్నాను, తొక్కుడుబిళ్ల కూడా ఆడుకున్నాను వాటి మీద.

నీలం చీర ఆమె ఆఖర్న చచ్చిపోతుంది. ఆరో భాగంలో, లారీ కింద పడి. పోయిన వారం రావికమతం రోడ్డు మీద తీశారు అది, నేస్తమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లి చూసొచ్చింది, రోడ్డు మీద ఎర్రగా పోసుకుని పడుకుందే, కేకెయ్యగానే లెగిసి టీ తాగీసింది, అని అమ్మకి చెప్పి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అది వాళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను చూసిన ఆఖరుసారి. నేను ఎవరినీ ఏమీ అడగను కాని రోజా అక్కని అది ఒక్కటీ అడిగాను, ఎందుకు చచ్చిపోవడం అని. ఆమె కాగితాల్లోంచి తలెత్తకుండా, "లేకపోతే ఎండింగ్ ఎలా వస్తుంది?" అంది. నిజంగానే అడిగినట్టుంది, నన్ను. నాకు తెలీదని తల ఊపాను.

ఆ మర్నాడు వీధి కుళాయి దగ్గర అచ్చియ్యమ్మ మామ్మ పట్టుకుంది. పక్కిల్లే ఆవిడది, మా కిటికీలోంచి కనబడే బాత్రూము గోడ ఆవిడదే. అప్పటికి కథ అందరికీ తెలిసిపోయింది. అందరి ముందూ, బిందె నడుం మీద పెట్టుకుని, "సంద్యా, మీ ఇంటి కతే తీస్తన్నారంట గదే. మరి నువ్వు పసుపు సీరా, నీలం సీరా?" అంది. అందరూ నవ్వారు. మామ్మ చెడ్డదేమీ కాదు, నేను పుట్టినప్పుడు అమ్మకి పురుడు పోసింది ఆవిడే, నవ్వించాలనే అంది. అమ్మ కూడా నవ్వింది. నవ్వి, బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. ఆ రోజు నుంచి నేస్తమ్మ ఉక్కగా ఉందని అరుగు మీద పడుకుంటోంది. మంచాలు సినిమా కోసం గది మధ్యలో కలిసే ఉన్నాయి, వాటి మీద అమ్మ ఒక్కతీ ఒక అంచున పడుకుంటుంది. ఒకరితో ఒకరు మాట్లాడటం లేదు. కోపం కాదు. పప్పు ఎక్కడుందో చెప్పాలంటే నాకు చెబుతారు, నేను పక్కనున్న వాళ్లకి చెబుతాను, వాళ్లు విననట్టుండి తీస్తారు. నాకు ఏడుపు రావాలి అనుకున్నాను. పళ్లు పీకడానికి సూది వేసినప్పుడు ఇలాగే ఉండింది, పెదవి ఉందో లేదో వేలితో ముట్టుకుని చూసుకోవాలి.

తర్వాత మావయ్య వచ్చాడు. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు పిల్ల చదువు గురించి మాట్లాడాడు, రేపొద్దున్న సంబంధాలు వస్తాయి కదా అన్నాడు, తను నలుగురిలో తిరిగేవాడిని అన్నాడు, నేను ఎవరినీ ఏమీ అనడం లేదు, లోకం గురించి చెబుతున్నాను అన్నాడు. మావయ్య నా పుట్టినరోజుకి ప్రతి ఏడూ కేకు తెస్తాడు, దాని మీద నా ఫోటో వేయించి. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసే చూసుకుంటూ, "షూటింగయ్యేక నేస్తం కొన్నాళ్లు వడ్డాదిలో ఉంటే బావుంటాది," అన్నాడు. అమ్మ దారం పంటితో కొరుకుతోంది. కొరికేసింది, మళ్లీ సూదిలోకి ఎక్కించింది. గుమ్మంలో నిలబడ్డ నేస్తమ్మే, "అలాగేలే అన్నా," అంది. అంత తేలిగ్గా. సంచి సర్దుతుంటే చూశాను, చీరలు పెట్టింది, కొడవలి గోనెలో చుట్టి పెట్టింది, ఆఖర్న ఉన్ని దుప్పటి పెట్టింది. చలి పోయింది కదా. కొన్నాళ్లకి దుప్పటి ఎందుకు. అడగలేదు. ఆ రోజు డైరీలో షూటింగ్, ఎండగా ఉంది, ఆనపకాయ కూర, అని రాశాను.

ఎండ అరుగు మెట్టు మీదికి వచ్చింది.

నేను ఇక్కడ కూర్చోవడం కూడా ఎవరూ అనుకున్నది కాదు. పాప పెద్దయ్యాక వచ్చే సీను ఇదొక్కటే, దానికి వైజాగ్ నుంచి సనా అనే అమ్మాయి రావాలి, జ్వరమొచ్చి రాలేదు. డైరెక్టర్ గారు చుట్టూ చూసి, నన్ను చూసి, ఈ అమ్మాయి సరిపోతుంది, ఈ ఇంటి గడపలో బాగా ఇమిడిపోయింది, అన్నారు. అది మాటాడదండీ, అంది అమ్మ. మాటాడక్కర్లేదు అన్నారు. కథలో ఊరివాళ్లు వాకిట్లోకి వచ్చి ఇదేం సంసారం అని ఇద్దరమ్మల్నీ నిలదీస్తారు, అప్పుడు లోపలి నుంచి పిల్ల వచ్చి గడప మీద నిలబడి ఒక మాట అంటుంది, నాకు ఇద్దరమ్మలు, మీకు ఒక్కరేనా, అని. రోజా అక్క నా చెవిలో చెప్పింది అది, ఇంకెవరూ వినలేదు. చెప్పి, నా ముఖం చూసి, "నీ గొంతు అవసరం లేదు బంగారం, వైజాగ్‌లో వేరే అమ్మాయి చెబుతుంది. పెదవులు కదిపితే చాలు," అంది. ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టుకో, అందరూ అలాగే చేస్తారు, మాటలు తర్వాత అతికిస్తాం అంది. అమ్మ నాకేసి చూసింది. నేను తలూపాను. ఎందుకూపానో తెలీదు. ఒకటి రెండు మూడు నాలుగు అనడం నాకు వచ్చు. అక్కడ ఎవరో అమ్మాయి ఇద్దరమ్మలు అని గట్టిగా, చక్కగా, తడబడకుండా చెబుతుంది, ముఖం నాది ఉంటుంది, మా ఊళ్లో ఎవరికీ ఏమీ వినబడదు. నేస్తమ్మ ఆటో ఎక్కుతుంది. అన్నీ అయిపోతాయి.

ఊరివాళ్లు సరిపోలేదు. చెరకు నరుకుళ్ల రోజులు కదా, మగవాళ్లు తోటల్లో ఉన్నారు. డైరెక్టర్ గారు దొరికిన వాళ్లందరినీ నిలబెడుతున్నారు. అచ్చియ్యమ్మ మామ్మని ముందు వరసలో పెట్టారు, ఆవిడ కొత్త చీర కట్టుకొస్తే పాతది కట్టుకు రమ్మన్నారని చిన్నబుచ్చుకుంది. నేస్తమ్మ కోసం మావయ్య పిలిపించిన వడ్డాది ఆటో గుమ్మం బయట ఆగి ఉంది, ఆ ఆటో అబ్బాయిని కూడా లోపలికి లాగి నిలబెట్టారు. ఇంకా చాలలేదు. అప్పుడు ఆయన వంటింటి వైపు చూసి, అమ్మా, మీరిద్దరూ కూడా ఊరివాళ్లలో నిలబడండి, కొంచెం కోపంగా చూస్తే చాలు, అన్నారు. ఆయనకి ఏమీ తెలీదు. ఇన్నాళ్లు మా ఇంట్లో అన్నం తిన్నారు, పొద్దున్న లేచి మా నూతి దగ్గర పళ్లు తోముకున్నారు, మంచాలు కలిపి వేయించారు, ఏమీ తెలీదు. అమ్మ చేతులు తుడుచుకుని వెళ్లి మామ్మ పక్కన నిలబడింది. నేస్తమ్మ ఇంకో చివర, గుమ్మం దగ్గర, ఆటో అబ్బాయి పక్కన నిలబడింది. సంచి ఆవిడ కాళ్ల దగ్గరే ఉంది, తీసేయమన్నారు, గోడ వెనక పెట్టి వచ్చింది. మధ్యలో పసుపు చీర, నీలం చీర, చేతులు పట్టుకుని. మావయ్య కెమెరా వెనక, గొడుగు కింద.

కుర్చీ తీసేశారు. నేను లోపల గుమ్మం చాటున నిలబడ్డాను. ఎండ గడప మీదికి వచ్చేసింది, నిజంగానే, పచ్చగా, నా కాళ్ల వేళ్ల మీద పడింది, వెచ్చగా ఉండాలి. బయట ఊరివాళ్లు అరవడం మొదలుపెట్టారు, ఏమరవాలో చెప్పలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు అరుస్తున్నారు, మామ్మ మాత్రం బాగా అరుస్తోంది, సిగ్గు లేదా, ఊరనుకున్నారా ఇంకేటనుకున్నారా అంటోంది, పసుపు చీర ఆమె ఏడుస్తోంది. అమ్మ అరవడం లేదు. నేస్తమ్మ కూడా. ఇద్దరూ చెరో చివర ఊరికే నిలబడి ఉన్నారు. రోజా అక్క చెయ్యి ఊపింది. నడిచాను. గడప మీద నిలబడ్డాను. అందరూ ఒక్కసారి ఆగిపోయారు, అలా ఆగమని ముందే చెప్పారు. ఇంతమంది నాకేసి ఎప్పుడూ చూడలేదు. ఒకటి, అనాలి. పసుపు చీర ఆమెని చూస్తూ ఒకటి రెండు, నీలం చీర ఆమెని చూస్తూ మూడు నాలుగు. నేను వాళ్లని చూడలేదు. గుమ్మం దగ్గర నేస్తమ్మ చీర కొంగు బొడ్లో దోపుకుని ఉంది, బయల్దేరినప్పుడు అలాగే దోపుకుంటుంది. నా పెదవులు కదిలాయి. గొంతు కూడా వచ్చింది, ఎక్కడి నుంచో, చిన్నదే, కాని అందరూ ఆగి ఉన్నారు కాబట్టి వినబడిపోయింది.

"నేస్తమ్మా, ఎల్లిపోకే."

కట్ అన్నారు. పాపా అది కాదు, అటు కాదు, ఇటు చూడాలి, అంకెలు చెప్పు చాలు, అన్నారు డైరెక్టర్ గారు, ఓపిగ్గానే. ఎండ పోతోంది, వెంటనే ఇంకోటి తీద్దాం అన్నారు. మళ్లీ గుమ్మం చాటుకి వెళ్లాను. మళ్లీ అరిచారు, ఈసారి అంత గట్టిగా కాదు, మామ్మ అసలు అరవలేదు. మళ్లీ నడిచాను. మళ్లీ అదే అన్నాను. అంకెలు రాలేదు. నాకు వచ్చినవే రెండు మాటలు, అవే వచ్చాయి. మూడోసారి కూడా తీశారు. మూడోసారి గొంతు ఇంకొంచెం పెద్దదైంది, ఎల్లిపోకే దగ్గర విరిగింది. డైరెక్టర్ గారు చిన్న టీవీలో చూసుకుని, తల గోక్కుని, ముఖం బాగుంది, ఇదే ఉంచేద్దాం, పెదవులు కొంచెం కలవవు, డబ్బింగులో చూసుకుందాం, అన్నారు. అక్కడితో షూటింగ్ అయిపోయింది. వాళ్లలో వాళ్లు చప్పట్లు కొట్టారు. మావాళ్లు ఎవరూ కొట్టలేదు, నిలబెట్టిన చోటే నిలబడి ఉన్నారు, ఇంకా కదలమని చెప్పలేదనుకున్నట్టు.

మావయ్య గొడుగు కింద నుంచి వచ్చాడు. అమ్మ దగ్గరికి వెళ్లి తగ్గు గొంతుతో ఏదో అన్నాడు, ఊరంతా చూస్తోంది, పిల్లని లోపలికి తీసుకెళ్లు అని. అమ్మ ఆయనకేసి చూడలేదు. తనున్న చివర నుంచి నేస్తమ్మ ఉన్న ఆ చివరకేసి చూస్తూ, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి, వాకిలి అంతా వినేలా అంది.

"గుంట అడుగుతంది. ఇనబడ్డాదా, నేస్తం?"

సంధ్యా, జనం, అన్నాడు మావయ్య.

"సూడ్నీ అన్నా. సూడ్డానికే గదా ఇంతమందిని తెచ్చేవు," అంది అమ్మ.

ఎవరో కిసుక్కుమన్నారు, అచ్చియ్యమ్మ మామ్మ అనుకుంటాను, వెంటనే దగ్గు చేసేసింది. మావయ్య జేబులోంచి కళ్లజోడు తీసి, పెట్టుకోకుండా మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. నేస్తమ్మ వెనక్కి తిరిగింది. గుమ్మం దాటి బయటికి వెళ్లిపోయింది, ఆటో అబ్బాయి వెనకాలే వెళ్లాడు. నేను గడప మీదే ఉన్నాను. గోడ అవతల మాటలు వినబడ్డాయి, ఏమిటో తెలియలేదు. ఆటో స్టార్టయ్యింది, ఒకసారి ఆగి, మళ్లీ స్టార్టయ్యింది, చప్పుడు వీధి చివరిదాకా వెళ్లి, చెరకు బళ్ల చప్పుళ్లలో కలిసిపోయింది. సరే అనుకున్నాను. అడిగాను కదా. అడిగినా వెళ్తారు మనుషులు. అమ్మ కదల్లేదు. కెమెరా పెట్టెలో పెట్టేస్తున్నారు, వైర్లు చుట్టేస్తున్నారు, రోజా అక్క తడి దూది తెచ్చి నా ముఖం తుడవబోతోంది.

నేస్తమ్మ గోడ వెనక నుంచి వచ్చింది. సంచి చేతిలో ఉంది. అందర్నీ దాటుకుని, పసుపు చీర నీలం చీర మధ్య నుంచి, కొంచెం జరగండమ్మా అని, మెట్టెక్కి, కాళ్లు కడుక్కోకుండానే నా పక్క నుంచి లోపలికి వెళ్తూ ఆగి, నన్ను కాదు, రోజా అక్కని అడిగింది, "మీవోళ్లు రాత్రికి ఇక్కడ తిని ఎల్తారా, ఇప్పుడే ఎల్లిపోతారా? సెప్తే ఎసరు పెడతాను."

తిని వెళ్తామంది రోజా అక్క. అమ్మ మిషను గదిలోకి కాకుండా వంటింటి వైపు నడిచింది. దూది చల్లగా తగిలింది బుగ్గకి, తర్వాత రెండో బుగ్గకి. ఆకలేసింది నాకు.